రేడియో ఎవరు వింటారట!

"ఇప్పుడింకా రేడియో ఎవరు వింటారండీ" అనే మాట ఎవడి నోట విన్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అన్నవాడు కుర్రాడైతే పోనీ అనుకోవచ్చు. నా బల్ల ముందు గంటలకొద్దీ కూర్చుని "ఇంకా అవలేదేటి" అని ప్రాణం తోడేసిన నా ఈడువాళ్ళు కూడా ఇప్పుడు అదే అంటున్నారు. ఢిల్లీలో లెక్కలు చూసే పెద్దలూ అదే అంటున్నారు. వీళ్ళలో ఒక్కడూ సెట్టు తిప్పి చూసి అన్నవాడు కాడు.

నేను రేడియో మెకానిక్కుని. నర్సీపట్నం అబీద్ సెంటర్లో ఒక బల్ల, స్టూలు, సోల్డరింగ్ ఐరను, నెత్తి మీద అరవై బల్బు, అదీ నా కొట్టు. ఇప్పుడు అదే కొట్లో మా పెద్దోడు సెల్లు కవర్లు, చార్జర్లు అమ్ముతున్నాడు. గిరాకీ బాగానే ఉంది, కాదనను. కాకపోతే వచ్చినవాడు రెండు నిమిషాల్లో వెళ్ళిపోతాడు. ఎవరి అబ్బాయో, ఏ ఊరో, వాళ్ళ వైపు నాట్లు పడ్డాయో లేదో ఒక్క ముక్క తెలీదు. మా రోజుల్లో సెట్టు వెనక మూత విప్పేలోగా ఆ ఇంటి భోగట్టా అంతా బయటపడేది. మూత విప్పాక బొద్దింకలూ, బియ్యప్పురుగులూ, పిల్లలు దాచుకున్న పావలా బిళ్ళలూ బయటపడేవి.

మన్యం వాళ్ళు చింతపల్లి నుంచి తొలి బస్సుకి దిగేవారు. తువ్వాల్లో మూటకట్టి తెచ్చిన సెట్టుని నెమ్మదిగా బల్ల మీద పెట్టేవారు. రేడియో పాడైందని వాళ్ళలో ఎవరూ అనేవారు కాదు. "విశాపట్నం పలకట్లేదు బావూ" అనేవారు. డయల్ దారం తెగినా అదే మాట, బ్యాటరీలు కారిపోయి స్ప్రింగులకి చిలుం పట్టినా అదే మాట. సాయంత్రం బస్సుకి సెట్టు చేతికియ్యాలి. ఇవ్వకపోతే ఒక్క ఇంటికి కాదు నష్టం, ఊరంతటికీ అదొక్కటే సెట్టు ఉన్న చోట్లు ఉండేవి మరి.

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1963 ఆగస్టు 4న. అప్పటికి నాది నిక్కర్ల వయసు. అంతకుముందు మాకు దిక్కు విజయవాడ, అది 1948 డిసెంబరు 1న పుట్టింది. దానికీ ముందు తెలుగు ముక్క చెవిన పడాలంటే 1938లో పెట్టిన మద్రాసు కేంద్రమే గతి. పగటిపూట విజయవాడ మా ఊళ్ళో పీలగా పలికేది, రాత్రయితే కాస్త నయం. విశాఖ వచ్చాక ఆ బాధ తీరింది. "మీడియం వేవ్ 323.6 మీటర్లు, అనగా 927 కిలోహెర్ట్జ్" అని అనౌన్సరు చెప్పే అంకెలు మా వీధిలో అక్షరం ముక్క రాని ముసలమ్మలకి కూడా కంఠతా వచ్చు.

మా ఊరికి అన్నీ ఆలస్యంగా వచ్చేవి. రైలైతే అసలు రానేలేదు. పాతిక ముప్ఫై కిలోమీటర్ల అవతల నర్సీపట్నం రోడ్ అని మా పేరు పెట్టుకుని ఆగుతుంది, అక్కడ దిగినవాడు మళ్ళీ బస్సెక్కితే గాని మా ఊరు కనబడదు. సినిమా విశాఖలో ఆడీ ఆడీ గీతలు పడ్డాక మా హాలుకి వచ్చేది. పేపరు ఎండెక్కాక వచ్చేది. ఒక్క రేడియో మాత్రం విశాఖలో వాడికి ఏ క్షణాన వినబడేదో మాకూ ఆ క్షణానే వినబడేది. ఈ సంగతి నగరంలో పుట్టినవాడికి ఎంత చెప్పినా ఎక్కదు.

ఇక్కడ కాస్త నా విద్య ప్రదర్శించాలి, ఓపిక పట్టండి. మీడియం వేవ్ తరంగం నేలని కరుచుకుని పోతుంది, కొండ అడ్డొస్తే వంగి అవతలికి దిగుతుంది. ఎఫ్ఎం అలా కాదు. చూపు ఆనినంత మేరే దాని పరుగు. కొండ అడ్డొచ్చిందా, అక్కడితో సరి. మా భూగోళం ఒకసారి తలుచుకోండి: సముద్రం ఒడ్డున విశాఖ, నడుమ మేము, మా వెనక లంబసింగి ఘాటీ, ఆ పైన చింతపల్లి, గూడెం, సీలేరు. రెండు బ్యాటరీ సెల్లులు వేసిన చిన్న ట్రాన్సిస్టరు ఆ కొండల మడతల్లో కూడా పలికిందంటే అది విశాఖలో ఉన్న వంద కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు చలవ. స్పష్టత గొప్పగా ఉండేదని చెప్పను. మబ్బు పడితే గరగర, పక్కింట్లో మిక్సీ వేస్తే గరగర. అయినా మాట తెలిసేది. వానొస్తుందన్న కబురు స్టీరియోలో రావాలా ఏమిటి?

పొద్దుటి పూట మా ఇళ్ళలో గడియారం పని రేడియోది. శివరంజని రాగంలో ఆ సిగ్నేచర్ ట్యూను, వాల్టర్ కౌఫ్‌మన్ అని యూరప్ నుంచి తలదాచుకోడానికి బొంబాయి వచ్చిన యూదు సంగీతకారుడు కట్టింది, అది మోగేసరికి వీధరుగులు కడిగేసి ఉండాలి. తర్వాత వందేమాతరం, భక్తిరంజని, ఆరూముప్పావుకి ప్రాంతీయ వార్తలు. ఆరూ యాభై అయిదుకి సంస్కృత వార్తలు. మా అమ్మకి సంస్కృతం ఒక్క ముక్క రాదు. "ప్రవాచకః బలదేవానందసాగరః" అన్న మాట వినబడితే మాత్రం పిల్లల్ని లేపి నీళ్ళు పెట్టాల్సిన వేళైందని ఆవిడ లెక్క. ఆ వెంటనే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. ఏడిద గోపాలరావు, అద్దంకి మన్నార్, మామిళ్ళపల్లి రాజ్యలక్ష్మి, వీళ్ళలో ఎవరినీ మేం కళ్ళతో చూడలేదు. అయినా గొంతు సవరించుకున్న తీరుని బట్టి ఆ పూట ఎవరి వంతో చెప్పేసేవాళ్ళం. ఇప్పుడు టీవీలో వార్తలు చదివేవాళ్ళ ముఖాలు రోజంతా చూస్తున్నాను, ఒక్కరి పేరూ గుర్తుండదు. అరుపుకి పేరేముంటుంది?

ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ పురాణ ప్రవచనం. అన్నం తింటున్నవాడు చెయ్యి కంచంలో పెట్టి వినేవాడు. రాత్రి విజయవాడ పట్టుకుంటే నాటకాలు. చిలకమర్తి వారి 'గణపతి'లో నండూరి సుబ్బారావు గొంతు విని కొట్టు ముందు జనం రోడ్డు మీదకి పెరిగిపోయేవారు, లారీలవాళ్ళు తిట్టుకుంటూ పక్కనుంచి పోయేవారు. ఇక జనరంజని సంగతి. పాట మూడు నిమిషాలు, కోరిన శ్రోతల పేర్లు అయిదు నిమిషాలు. మాకవరపాలెం, రోలుగుంట, గొలుగొండ అని మన ఊరి పేరు గాల్లో వినబడితే ఆ రోజు ఆ కార్డు రాసినవాడు టీ తాగించేవాడు. ఎక్కడో అప్పటి బీహారులో ఝుమ్రీ తలయ్యా అనే చిన్న ఊరు వివిధ భారతికి కార్డులు రాసి రాసే దేశమంతా పేరు తెచ్చుకుంది. మేం అంత వాళ్ళం కాము గాని, ప్రయత్న లోపం లేదు.

అనకాపల్లి బెల్లం ధర రేడియోలో విని గాని బండి కట్టని రైతుల్ని నేనెరుగుదును. తాండవ రిజర్వాయరులో నీరు ఎంతుంది, చెరకుకి ఏం తెగులొచ్చింది, చింతపల్లి పరిశోధన కేంద్రం వాళ్ళు ఏ పంట వెయ్యమంటున్నారు, ఇవన్నీ సాయంత్రం రైతుల కార్యక్రమంలో తేలేవి. పంచాయతీ ఆఫీసు రేడియోకి బాకా కట్టి ఉండేది. తాళం గుమస్తా దగ్గర. గుమస్తా అత్తవారింటికి వెళ్తే ఊరికి ఆ పూట వార్తల్లేవు.

అంతా బంగారమే అని అంటానేమో అనుకుంటున్నారు. అనను. అది సర్కారు గొంతు. 1975 జూన్ 26 పొద్దున్నే ఎమర్జెన్సీ కబురు ఇందిరాగాంధీ చెప్పింది అందులోనే. తర్వాత ఇరవై ఒక్క నెలల పాటు అంతా సుభిక్షమే అని చెప్పిందీ అదే. కిశోర్ కుమార్ మాట వినలేదని అతని పాటలే వెయ్యకుండా ఆపారు. అంతకుముందు 1952 ప్రాంతంలో కేస్కర్ అని ఒక మంత్రిగారు సినిమా పాట వింటే జనం చెడిపోతారని గొళ్ళెం పెట్టారు. జనం చెడిపోవడం మానలేదు, రేడియో సిలోన్‌కి మళ్ళారు, అంతే. మీనాక్షి పొన్నుదురై తెలుగులో మాట్లాడుతూ పాటలు వేస్తుంటే సముద్రం అవతలి దేశం మాకు విశాఖ కంటే దగ్గరైపోయింది. చివరికి దిగొచ్చి 1957లో వివిధ భారతి పెట్టారు. అన్నీ తెలుసు నాకు. ప్రభుత్వం డప్పు కొట్టే అరగంట పోగా మిగతా పొద్దంతా మాకు పనికొచ్చేది, అందుకే వినేవాళ్ళం.

ఇప్పటి సంగతికొస్తాను. మీడియం వేవ్ పెడితే ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టరు, మా పెద్దోడు అమ్మే చార్జర్లు అన్నీ కలిసి చెవిలో జోరీగలు తోలుతాయి. తప్పు స్టేషనుది కాదు, చవక చార్జర్లది. కానీ విన్నవాడు "రేడియో పని అయిపోయింది" అని కట్టేస్తాడు. పైవాళ్ళు చెప్పే మందు ఎఫ్ఎం. మీడియం వేవ్ పాతదీ, కరెంటు తాగేదీ, దాన్ని తగ్గించుకుంటూ ఎఫ్ఎం పెంచాలట. 2023 జనవరిలో కేంద్రం ఆకాశవాణి, దూరదర్శన్‌ల బాగుకోసమని 2,539 కోట్ల పైచిలుకు పథకం ఒప్పుకుంది. దానివల్ల ఎఫ్ఎం దేశ విస్తీర్ణంలో 59 శాతం నుంచి 66 శాతానికి, జనాభాలో 68 నుంచి 80 శాతానికి అందుతుందన్నారు. మంచిదే. ఆ పేపరు చదివిన రోజున నేను లెక్క తిరగేశాను. అన్నీ అనుకున్నట్టు జరిగినా దేశంలో మూడో వంతు నేల బయటే ఉండిపోతుంది. ఆ మూడో వంతులో కొండలూ అడవులే ఎక్కువుంటాయని చెప్పడానికి ఇంజనీరు కానక్కర్లేదు. అదే ఏడాది ఏప్రిల్లో 18 రాష్ట్రాల్లో, రెండు కేంద్రపాలిత ప్రాంతాల్లో కలిపి 91 ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు ఒక్కసారే ప్రారంభించారు. ఒక్కొక్కటి వంద వాట్లు. పెళ్ళిలో డీజే వాడు మోసుకొచ్చే పెట్టెల మీద అంతకంటే పెద్ద అంకె ఉంటుంది. పల్లపు ఊళ్ళలో వాటికి దణ్ణం పెట్టొచ్చు. లంబసింగి ఘాటీ ముందు పెడితే మొదటి మలుపు దాటదు.

సరే, తరంగం గొడవ పక్కన పెట్టండి. అసలు బాధ లోపలి సరుకుది. ప్రసార భారతి చట్టం 1990లో చేసి, 1997లో అమల్లోకి తెచ్చి, ఆకాశవాణికి స్వతంత్రం ఇచ్చామన్నారు. జేబు మాత్రం ఢిల్లీ దగ్గరే ఉంచుకున్నారు. ఏటా ఇచ్చే గ్రాంటులో సింహభాగం జీతాలకే సరి. ఉద్యోగులు రిటైరవుతుంటే ఆ కుర్చీలు ఖాళీగానే ఉంటున్నాయి. మైకు ముందు కూర్చునేది ఎక్కువగా క్యాజువల్ అనౌన్సర్లు, నెలకి ఆరు డ్యూటీలకి మించి ఇవ్వరు. ఆరు రోజుల కూలితో నెల గడిపే మనిషి అయినా "శ్రోతలకు నమస్కారం" అని నవ్వుతూనే అనాలి. 2018 డిసెంబరులో ఖర్చు తగ్గించాలని ఆకాశవాణి నేషనల్ చానెల్ మూసెయ్యమన్నారు. దాంతోపాటే శిక్షణ ఇచ్చే అకాడెమీలు అయిదు, అందులో హైదరాబాదుది ఒకటి, అవీ మూసెయ్యమన్నారు. కొత్తగా మనుషుల్ని తీసుకోనప్పుడు శిక్షణ ఎవరికిస్తారు, అదీ నిజమే!

డబ్బు తగ్గితే ముందు పోయేది ఏమిటో నాకు తెలుసు. వార్తలు పోవు, ప్రధానమంత్రిగారి ప్రసంగం పోదు, అవి పైనుంచి వస్తాయి, రిలే చేస్తే చాలు. పోయేది మా వైపు వచ్చి రికార్డు చేసుకునే జీపు. ఆ తర్వాత నాటకం. ఆ తర్వాత బుర్రకథ వాడికిచ్చే పారితోషికం. చెరకులో మొవ్వు కోసేసి తోట నిలబడే ఉంది కదా అన్నట్టు, స్టేషను పేరు అలాగే ఉంటుంది, బోర్డు అలాగే ఉంటుంది, లోపల పలికేది ఇంకో ఊరు. మన ఊరి మాట లేని రేడియో మనవాళ్ళు ఎందుకు వింటారు? వినడం మానేస్తారు. మానేశారు కాబట్టి ఇంకో కోత పెట్టడానికి వీలు కుదురుతుంది. "రేడియో ఎవరు వింటారండీ" అన్న మాట పుట్టింది అక్కడే.

ఎనభైలలో ఇంకో మాట చెప్పేవారు, స్థానిక కేంద్రాలు అని. 1984లో నాగర్‌కోయిల్‌తో మొదలుపెట్టారు. మనవైపు ఆదిలాబాద్, కొత్తగూడెం, అనంతపురం, ఇలా కొన్ని ఊళ్ళకి వచ్చాయి కూడా. చిన్న స్టేషను, చుట్టుపక్కల ఊళ్ళ మాట. 2022లో మా జిల్లాని ముక్కలు చేశారు. మేం అనకాపల్లి జిల్లాకి, చింతపల్లి వాళ్ళు అల్లూరి జిల్లాకి పోయాం. కలెక్టర్లు పెరిగారు, ఎస్పీలు పెరిగారు, బోర్డులు రాసేవాళ్ళకి చేతినిండా పని దొరికింది. కృష్ణదేవిపేటలో సమాధి ఉన్న మనిషి పేరు జిల్లాకి పెట్టారు గాని, ఆ కొండల్లో మాట్లాడే భాషల్లో రోజుకి గంట పలికే చిన్న స్టేషను ఒకటి పెడదామని ఎవరికీ తోచలేదు.

యూట్యూబ్ ఉంది కదా తాతా అంటారు. ఉంది. మా సెంటర్లో ఇద్దరు కొట్టుకుంటే రంగురంగుల గొట్టాల మైకులు పది వచ్చి వాలతాయి. తాండవ గేట్లు ఎత్తుతున్నారా లేదా అని అడగండి, ఒక్క గొట్టం ఉండదు. ప్రైవేటు ఎఫ్ఎంలకి సొంతంగా వార్తలు చెప్పే అనుమతే లేదు, ఆకాశవాణి వార్తలు రిలే చేసుకోవచ్చు, అంతే. వాటి జోకులు, విశాఖ అపార్టుమెంట్ల ప్రకటనలు మా దాకా రాకపోవడం ఒక విధంగా మేలే. ఇక యాప్. న్యూస్ ఆన్ ఎయిర్ అని ఉంది, దాన్లో విశాఖ కూడా వస్తుంది, డాలస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు అందులోనే వింటాడు. డాలస్‌లో వినబడేది ఘాటీ పైన సిగ్నల్ లేని ఊళ్ళో వినబడదు. దీన్నే అభివృద్ధి అంటున్నారు, నేను ఒప్పుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చూశాంగా. కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, చేతిలో అంత ఖరీదు ఫోను అద్దం ముక్కకి కూడా పనికిరాలేదు. అప్పుడు దిగాయి అటక మీది సెట్లు. "గురూ, ఇది ఒకసారి చూడు" అంటూ పదేళ్ళుగా పలకరించనివాళ్ళు నా ఇంటికొచ్చారు. పెన్సిల్ సెల్లులు మా ఊళ్ళో రెట్టింపు ధర పలికాయి.

మా తమ్ముడి కొడుకే చెప్పాడు, అమెరికాలోనూ ఇదే గోలట. 1967లో చట్టం చేసి పెట్టుకున్న ప్రజా ప్రసార సంస్థ ఒకటి ఉండేది, ఊరూరి రేడియోలకి డబ్బు పంచేది. 2025 జూలైలో వాళ్ళ కాంగ్రెసు దానికి రెండేళ్ళకని ఇచ్చిన 110 కోట్ల డాలర్లు వెనక్కి లాగేసుకుంది. ఆగస్టులో ఆ సంస్థ దుకాణం కట్టేస్తున్నామని చెప్పేసింది. న్యూయార్కు స్టేషనుకి చందాలిచ్చే మారాజులుంటారు. దెబ్బ తగిలేది అలాస్కాలో, అక్కడి ఆదివాసీల ఊళ్ళలో ఉండే చిన్న స్టేషన్లకి. ఎక్కడైనా కొండమీదివాడి మీదే ముందు కత్తి. తేడా ఒక్కటే, అక్కడ శ్రోతలు మా స్టేషను అని గొంతెత్తారు, ఎవరికి తోచింది వాళ్ళు పంపారట. ఇక్కడ ఒక కార్యక్రమం ఆగిపోతే ఆగిందని కూడా ఎవరికీ తెలీదు.

ఎందుకు తెలీదో నేను చెబుతాను. మా రోజుల్లో రేడియోకి లైసెన్సు ఉండేది. పోస్టాఫీసులో చిన్న పుస్తకం ఇచ్చేవారు. ఏటా పదిహేను రూపాయలు కడితే స్టాంపు అంటించి టపీమని ముద్ర కొట్టేవారు. ఆలస్యమైతే పైన జరిమానా. తనిఖీకి వస్తున్నారని పుకారు పుడితే చాలు, వీధిలో సెట్లన్నీ ధాన్యం గాదెల వెనక్కి పోయేవి. తిట్టుకుంటూ కట్టేవాళ్ళం. కానీ కట్టినవాడికి ఒక దర్జా ఉండేది. మా వీధిలో ఒక రిటైరు మాస్టారు "పోయిన వారం వేసిన కీర్తనే మళ్ళీ వేశారు, నేను లైసెన్సు కడుతున్న శ్రోతను" అని కార్డు రాసేవారు. శ్రోతల ఉత్తరాల్లో దానికి జవాబు చదివారు కూడా. ఎనభైలలో లైసెన్సు పూర్తిగా ఎత్తేశారు. ఊరంతా పండగ చేసుకుంది. ఆ రోజు నుంచి రేడియో ఉచితం, ఉచితంగా వచ్చేది తగ్గిపోతే అడిగే నోరు ఉండదు. పన్నుల్లోంచే పోతోంది కదా అనకండి. పన్ను ఎవరికి కట్టామో ఎవరికి గుర్తుంటుంది? పోస్టాఫీసు కిటికీలో చేతులారా ఇచ్చిన పదిహేను రూపాయలు గుర్తుంటాయి.

అందుకే నేనంటాను, మళ్ళీ పెట్టండి. పదిహేను చాలకపోతే ఏడాదికి నూట యాభై పెట్టండి, ఇంటింటి గుమ్మానికి క్యూఆర్ కోడ్ అంటించండి. రేషను కార్డు మీద బతికేవాళ్ళకి మాఫీ చెయ్యండి. వచ్చిన డబ్బు ఢిల్లీకి పోకుండా ఏ స్టేషను శ్రోతది ఆ స్టేషనుకే ఇవ్వండి. నేను మొదటి రోజే కడతాను. కట్టాక మాత్రం ఊరుకోను. పోస్టు కార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. విశాఖ ఆకాశవాణి, సిరిపురం అని అడ్రసు రాసి ఒక కార్డు సిద్ధంగా పెట్టుకున్నాను: "అయ్యా, రాత్రి గొలుగొండ అవతల కుండపోతగా వాన పడింది. తాండవలోకి ఎంత నీరు చేరినదీ పొద్దుటి ప్రాంతీయ వార్తల్లో చెప్పలేదు. కారణం తెలుపగలరు."